పని చేతులు మారే చోట: నిర్మాణ రంగంలో సంపూర్ణ నాణ్యతా నిర్వహణ

భవన నిర్మాణంలో ప్రతి పనీ దాని ముందు పనిని కప్పేస్తుంది. పునాది కాంక్రీటును మట్టి కప్పుతుంది. కడ్డీలను కాంక్రీటు, గోడలో దించిన పైపును ప్లాస్టరింగ్, ప్లాస్టరింగులో పడిన సన్నని పగుళ్లను లప్పం, ఆపైన రంగు కప్పుతాయి. ఇల్లు కొనుక్కునేవారి కంటికి ఆనేది చివరి పొర ఒక్కటే. ఫ్యాక్టరీలో తయారైన వస్తువును విప్పి చూడవచ్చు, బాగాలేకపోతే పక్కన పడేసి మరొకటి తీసుకోవచ్చు. పోసిన స్లాబు విషయంలో ఆ వీలు లేదు. కాబట్టి ఈ రంగంలో నాణ్యత సంగతి పని జరుగుతూ ఉండగానే, దాన్ని కప్పే పని మొదలయ్యే లోపే తేలిపోవాలి. ఆ గడువు దాటాక చేసే తనిఖీ జరిగిన నష్టం ఎంతో చెప్పగలదు గాని దాన్ని ఆపలేదు.

టీక్యూఎం అని వాడుకలో ఉన్న సంపూర్ణ నాణ్యతా నిర్వహణ ఈ అవసరానికి సరిపడే పద్ధతి. నాణ్యతను ఒక విభాగానికి అప్పగించి మిగతావాళ్లు చేతులు దులుపుకోకుండా, యజమాని నుంచి కూలీ దాకా అందరూ తమ పనిలో దాన్ని భాగం చేసుకోవాలన్నది దీని మొదటి సూత్రం. లోపం కనబడితే దాన్ని పూడ్చడంతో సరిపెట్టకుండా కారణం వెతికి పని తీరునే మార్చాలన్నది రెండోది. ఈ రెంటికీ తోడుగా జపాన్ ఇంజనీరు కవోరు ఇషికావా నొక్కిచెప్పిన మాట ఒకటుంది: తరవాతి పని చేసేవాళ్లే ముందు పని చేసినవాళ్లకు వినియోగదారులు. సెంట్రింగ్ కొట్టిన వడ్రంగికి కడ్డీలు కట్టేవాళ్లు వినియోగదారులు, కడ్డీలు కట్టినవాళ్లకు కాంక్రీటు పోసేవాళ్లు, ప్లంబరుకు టైల్స్ వేసేవాళ్లు. నిర్మాణ రంగానికి ఇంతగా అతికే సూత్రం మరొకటి లేదు. ఏ మేస్త్రీని కదిపినా తన పని తాను బాగానే చేశానంటాడు, చాలాసార్లు అది నిజం కూడా. నాణ్యత ఎక్కువగా జారిపోయేది పని ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారే చోటే. టీక్యూఎం నిర్మాణంలో నిలబడాలంటే ముందు ఈ అతుకులు గట్టిపడాలి.

ఈ ఆలోచన మొదట ఫ్యాక్టరీల కోసం పుట్టింది. అమెరికా గణాంకవేత్త డబ్ల్యూ. ఎడ్వర్డ్స్ డెమింగ్ 1950లో జపాన్ శాస్త్రవేత్తలు, ఇంజనీర్ల సంఘం పిలుపు మీద అక్కడ ఉపన్యాసాలిచ్చారు. మరుసటి ఏడే ఆయన పేరిట డెమింగ్ బహుమతి ఏర్పడింది. 1954లో జోసెఫ్ జురాన్ వెళ్లి, నాణ్యత సంస్థ పెద్దల పని అని అక్కడి అధికారులకు నూరిపోశారు. 1962 నుంచి క్వాలిటీ సర్కిళ్లు మొదలయ్యాయి. నిర్మాణ సంస్థలు ఈ దారికి రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 1973 చమురు సంక్షోభం తరవాత టకెనాకా సంస్థ 1976లో ఈ పద్ధతిని చేపట్టి, 1979లో డెమింగ్ బహుమతి అందుకుంది. ఆ బహుమతి ఒక నిర్మాణ సంస్థకు దక్కడం అదే మొదటిసారి. 1982లో కాజిమా, 1983లో షిమిజు దాన్ని అందుకున్నాయి.

భారతదేశంలో క్వాలిటీ సర్కిళ్లకు పుట్టినిల్లు తెలుగునేలే. హైదరాబాద్ శివారు రామచంద్రాపురంలోని బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారంలో 1980లో ఎస్.ఆర్. ఉడుప చొరవతో అవి మొదలయ్యాయి. 1982లో సికింద్రాబాద్ కేంద్రంగా క్వాలిటీ సర్కిల్ ఫోరం ఏర్పడింది. ఒకే షెడ్డులో ఏళ్ల తరబడి కలిసి పనిచేసే కార్మికులు వారానికోసారి కూర్చుని తమ యంత్రం దగ్గరి ఇబ్బందిని తామే విప్పుకోవడం ఈ సర్కిళ్ల పని. నిర్మాణ స్థలంలో ఆ వీలుండదు. ఇవాళ కడ్డీలు కట్టిన ముఠా వచ్చే నెల వేరే ఊళ్లో ఉంటుంది. ప్రతి భవనానికీ నేల వేరు, నక్షా వేరు, మనుషులు వేరు. ఎండా వానా పని మధ్యలోకి వచ్చి పడతాయి. అందువల్ల ఫ్యాక్టరీ పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకున్న నిర్మాణ సంస్థలు ఎక్కువ కాలం దాన్ని నడపలేకపోయాయి.

ఐ.ఎస్.ఓ. 9000 ప్రమాణాలు 1987లో వచ్చాక మరో చిక్కు ఏర్పడింది. సర్టిఫికెట్టే నాణ్యత అనే భ్రమ బలపడింది. పనులు ఏ క్రమంలో చేయాలో రాసిపెట్టుకోవడం, రాసుకున్నట్టు చేస్తున్నామో లేదో చూసుకోవడం ఆ ప్రమాణాల ఉద్దేశం. అది మంచి పునాదే. కాని ఆడిట్ రేపనగా ఈ రాత్రి కూర్చుని రిజిస్టర్లు నింపే ఆఫీసులో ఆ కాగితాలకు విలువ ఉండదు. సంస్థలో టీక్యూఎం ఉందో లేదో తేల్చుకోవడానికి ఫైళ్లు తిరగేయనక్కర్లేదు. పని ఆపమని చెప్పే హక్కు సైటులో ఎవరికి ఉందో, చివరిసారి ఎప్పుడు వాడారో అడిగితే చాలు.

టెండరు దగ్గర మొదలు

అతుకుల్లో మొదటిది పని చేయించుకునేవారికీ గుత్తేదారుకూ మధ్య ఉంటుంది. డెమింగ్ 14 సూత్రాల్లో నాలుగోది ధర ఒక్కటే చూసి పని అప్పగించే పద్ధతి మానుకోమంటుంది. మన ప్రభుత్వ పనుల్లో ఏళ్లుగా నడిచింది సరిగ్గా ఆ పద్ధతే: అర్హత ఉన్నవాళ్లలో అందరికన్నా తక్కువకు కోట్ చేసిన ఎల్-1కే పని. అంచనా మీద భారీగా లెస్ వేసి పని దక్కించుకున్న గుత్తేదారు ఆ లోటును ఎక్కడో ఒక చోట పూడ్చుకోవాలి. సిమెంటు, స్టీలు కొలతకు, పరీక్షకు దొరుకుతాయి. అందువల్ల కోత పడేది దొరకని వాటి మీద, అంటే క్యూరింగ్ మీద, పర్యవేక్షక ఇంజనీర్ల సంఖ్య మీద, సెంట్రింగ్ సామాను మీద, కూలీల అనుభవం మీద. ఇలాంటి పనికి క్వాలిటీ కంట్రోల్ విభాగం ఎన్ని నోటీసులిచ్చినా, టెండరు రోజునే జారిపోయింది తిరిగి రాదు.

కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో చెప్పుకోదగ్గ మలుపు. నాణ్యతకు ప్రాధాన్యం ఉన్న పనిగా ప్రకటించిన చోట ధరతో పాటు సాంకేతిక సామర్థ్యానికీ మార్కులు వేసి గుత్తేదారును ఎంచుకోవచ్చునని అవి అనుమతించాయి. ధరేతర అంశాలకు 30 శాతం దాకా వెయిటేజీ ఇవ్వవచ్చు. పెద్ద ప్రాజెక్టుల్లో దీన్ని వాడుకోవడానికి శాఖలు వెనకాడకూడదు. అయితే ఆ మార్కులు గుత్తేదారు టర్నోవరుకో యంత్రాల జాబితాకో పోతే ప్రయోజనం ఉండదు. లోపాల బాధ్యత కాలంలో గత పనులు ఎలా నిలిచాయో చూసి ఆ మార్కులు వేయాలి.

సింగపూర్ 1989లో తెచ్చిన కాన్‌క్వాస్ పద్ధతి ఈ దారిలో ముందుంది. అక్కడ భవనం నిర్మాణ భాగాలకు, ముగింపు పనులకు, విద్యుత్, యంత్ర వ్యవస్థలకు విడివిడిగా నమూనాలు తీసుకుని మార్కులు వేస్తూ, వాటిని ప్రజలకు తెలిసేలా ప్రచురిస్తూ వచ్చారు. ఇల్లు కొనేవారు ఆ మార్కులు చూసుకోవచ్చు కనుక మంచి పని చేయడం వ్యాపారానికి కూడా లాభమైంది.

పని చేయించుకునేవారి బాధ్యత కూడా తక్కువది కాదు. చేసిన పనికి నెలల తరబడి బిల్లు ఆపి, ఆ తరవాత నాణ్యత తగ్గిందని నిలదీయడం న్యాయం కాదు. నక్షాలు ఆలస్యంగా ఇచ్చి గడువు మాత్రం కదపకపోతే రాత్రిళ్లు లైట్ల వెలుగులో హడావిడిగా స్లాబు పోస్తారు. నాణ్యతా ప్రణాళికలో యజమాని ఏ రోజుకు ఏ నిర్ణయం ఇస్తారో, ఎన్నాళ్లలో బిల్లు చెల్లిస్తారో రాసి ఉండాలి. గుత్తేదారుకు షరతులు పెట్టి యజమానికి ఏమీ పెట్టని ప్రణాళిక సగం ప్రణాళికే.

నక్షా నుంచి సైటుకు

రెండో అతుకు డిజైనుకూ కట్టడానికీ మధ్య. ఇక్కడ జరిగిన పొరపాటు ఎంత దూరం పోగలదో చెప్పే ఘటన 1981 జూలై 17న అమెరికాలోని కాన్సాస్ సిటీలో జరిగింది. హయత్ రీజెన్సీ హోటల్లో రెండు నడక వంతెనలను ఒకదాని కింద ఒకటి, పైకప్పు నుంచి ఉక్కు కడ్డీలతో వేలాడదీశారు. మొదటి డిజైనులో ఒకే పొడవాటి కడ్డీ రెండు వంతెనల గుండా పోతుంది. అంత పొడవునా మరలు తీయడం, వాటిని చెడకుండా బిగించడం కష్టమని తయారీ దశలో దాన్ని రెండు ముక్కలు చేశారు. కింది వంతెన పైకప్పును వదిలి పై వంతెన దూలానికి వేలాడింది. పై దూలం కింద ఉన్న నట్టు మోయవలసిన బరువు దాంతో రెట్టింపైంది. ఈ మార్పు కాగితాల మీద ఆమోదం పొందిందే గాని, దాన్ని మళ్లీ లెక్కకట్టి చూసినవాళ్లు లేరు. ఆ సాయంత్రం నృత్య కార్యక్రమానికి జనం చేరినప్పుడు వంతెనలు కూలి 114 మంది చనిపోయారు.

ఆ ప్రమాదంలో ఉక్కు నాసిరకం కాదు, పని వచ్చినవాళ్లు లేకపోలేదు. అడిగినవాళ్లు సౌకర్యం కోసం అడిగారు, సంతకం చేసినవాళ్లు అవతలివాళ్లు చూసుకుని ఉంటారనుకున్నారు. మన సైటుల్లో ఇలాంటి మార్పులు ప్రతి వారం జరుగుతూనే ఉంటాయి. 16 మి.మీ. కడ్డీ దొరకలేదని 20 మి.మీ. కడ్డీలను దూరదూరంగా కడతారు, పైపు అడ్డొచ్చిందని దూలానికి రంధ్రం వేస్తారు, పిల్లరును నాలుగంగుళాలు జరుపుతారు. ఏ మార్పైనా డిజైన్ ఇంజనీరు మళ్లీ లెక్క చూసి సంతకం పెట్టేదాకా ఆ చోట పని కదలకూడదన్న నియమం ఒక్కటి పాటించినా టీక్యూఎంలో పెద్ద భాగం అమలైనట్టే. పాత నక్షాలను సైటు నుంచి తీసేయడం కూడా అంతే ముఖ్యం. ఒకే స్లాబుకు రెండు సవరణల నక్షాలు సైటు ఆఫీసులో ఒకటి, మేస్త్రీ చేతిలో ఒకటి ఉంటే తప్పు ఎవరిదని వెతకడం వృథా.

కాంక్రీటు పోసే రోజు

మూడో అతుకు సైటులో వృత్తికీ వృత్తికీ మధ్య ఉంటుంది. దీన్ని దగ్గరగా చూడటానికి స్లాబు పోసే రోజుకు మించిన సందర్భం లేదు. ఏప్రిల్ నెల, హైదరాబాద్ శివారు, ఎం-30 కాంక్రీటు. ఘనమీటరుకు 360 కిలోల సిమెంటు, నీటికీ సిమెంటుకూ నిష్పత్తి 0.45 అనుకుంటే, పడవలసిన నీరు 162 లీటర్లు. ఆరు ఘనమీటర్ల రెడీమిక్స్ బండి గేటు దగ్గర గంటసేపు ఎండలో నిలబడింది. కాంక్రీటు బిగిసింది, పంపు లాగడం లేదు. ఎవరో పైపు పెట్టి డ్రమ్ములోకి 100 లీటర్ల నీళ్లు వదిలారు. ఘనమీటరుకు దాదాపు 17 లీటర్లు పెరిగి నిష్పత్తి 0.50 దగ్గరికి చేరింది. కాంక్రీటు జారుగా దిగింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 ప్రకారం తీవ్రమైన వాతావరణానికి గురయ్యే రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటుకు ఈ నిష్పత్తి 0.45 దాటకూడదు. సముద్రతీరంలో అయితే ఆ వంద లీటర్లతోనే స్లాబు ప్రమాణం తప్పినట్టు.

పాత పద్ధతిలో నీళ్లు కలిపినవాడికి జరిమానా వేసి ఊరుకుంటారు. టీక్యూఎం అక్కడ ఆగదు. టొయోటాలో అలవాటైన తీరులో ఎందుకు, ఎందుకు అని వరసగా అడుగుతుంది. నీళ్లు ఎందుకు కలిపారు? కాంక్రీటు బిగిసింది. ఎందుకు బిగిసింది? బండి గంటసేపు ఆగింది. ఎందుకు ఆగింది? కడ్డీల తనిఖీ ఇంకా పూర్తికాలేదు. ఎందుకు కాలేదు? ఎలక్ట్రీషియన్ పైపులు పొద్దున్నే వచ్చి వేశాడు, వేస్తూ కడ్డీలు కదిపాడు. ముందు రోజే ఎందుకు వేయలేదు? లైటు పాయింట్ల నక్షా నిన్న సాయంత్రం గాని అతని చేతికి రాలేదు. నీళ్ల పైపు పట్టుకున్న మనిషి నుంచి నక్షాలు పంపే ఆఫీసు దాకా దారి ఇలా వెళుతుంది. ఇక్కడ మార్చవలసింది నక్షాలు విడుదలయ్యే తేదీని. దానితో పాటు పోర్ కార్డు పద్ధతి కావాలి: సెంట్రింగ్, కడ్డీలు, కవర్ బ్లాకులు, విద్యుత్, ప్లంబింగ్ పనుల బాధ్యులు అందరూ సంతకం చేసిన కార్డు చేతికి వచ్చాకే ప్లాంటుకు ఫోను చేయాలి. కార్డు లేకుండా బండి పిలిచే అధికారం ప్రాజెక్టు మేనేజరుకు కూడా ఉండకూడదు.

కాంక్రీటు బలాన్ని క్యూబులతో పరీక్షించడం అందరికీ తెలిసిందే. 150 మి.మీ. క్యూబులు, 28 రోజులు. ఆరు ఘనమీటర్ల నుంచి పదిహేను దాకా పోస్తే రెండు నమూనాలు, ముప్పై ఒకటి నుంచి యాభై దాకా నాలుగు, ఆపై ప్రతి 50 ఘనమీటర్లకూ మరొకటి. వారం పది రోజులకో స్లాబు వేసే భవనంలో ఆ ఫలితం చేతికొచ్చేసరికి పైన మరో రెండు మూడు అంతస్తులు లేచి ఉంటాయి. అప్పుడు చేయగలిగింది తక్కువ. అదీగాక, క్యూబు ఫెయిలైతే బిల్లు ఆగుతుందన్న భయం ఉన్న చోట క్యూబులను ప్రత్యేకమైన శ్రద్ధతో తయారు చేస్తారు, స్లాబును మామూలుగా పోస్తారు. భయాన్ని తొలగించండి అని డెమింగ్ చెప్పింది ఇందుకే. భయం వల్ల రిపోర్టులు మాత్రమే బాగుపడతాయి.

ఆ సంఖ్యలకు అసలైన ఉపయోగం వేరే ఉంది. భారతీయ ప్రమాణాల్లో గణాంక శాస్త్రం ముందే కూర్చి ఉంది. ఎం-30 మిశ్రమాన్ని రూపొందించేటప్పుడు లక్ష్యంగా పెట్టుకునే సగటు బలం 30 మెగాపాస్కళ్లే ఉండదు. ఫలితాల ఎగుడుదిగుళ్లకు చోటు ఇస్తూ ప్రామాణిక విచలనానికి 1.65 రెట్లు కలుపుతారు. సైటు లెక్కలు లేనప్పుడు విచలనం 5 అనుకోవాలి కనుక లక్ష్యం 38.25 అవుతుంది. కనీసం 30 నమూనాల ఫలితాలు చేతిలో ఉండి, విచలనం 3.5కు దిగిందని తేలితే, ఐ.ఎస్. 10262లో 2019 సవరణ విధించిన కనీస హద్దును బట్టి ఆ లక్ష్యం 36.5కు తగ్గుతుంది. దాంతో సిమెంటు ఆదా అవుతుంది. ఇసుకలో తేమను ప్రతి ఉదయం చూసి నీటిని సరిచేయడం, కంకర సైజు మారకుండా చూడటం, ఒకే సిమెంటు వాడటం వంటి చిన్న పనుల ఫలం అది. నాణ్యతకు ఖర్చు ఎక్కువన్న వాదనకు ఇంతకన్నా సూటి జవాబు దొరకదు. క్యూబుల ఫలితాలను ఫైల్లో పెట్టేయకుండా గ్రాఫు గీసి గోడకు తగిలించే బ్యాచింగ్ ప్లాంటులో ఆపరేటరే బలం జారిపోవడాన్ని ముందుగా పసిగడతాడు.

క్యూరింగ్ సంగతి వేరే చెప్పుకోవాలి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పొడి ఎండలు కాసే చోట 10 రోజులు తగ్గకుండా తడి ఆరకూడదని, ఫ్లైయాష్ కలిసిన సిమెంటుకు 14 రోజుల దాకా పొడిగించడం మంచిదని ప్రమాణం చెబుతుంది. రామగుండం, రెంటచింతల ఎండల్లో ఇది ప్రాణావసరం. కాని ఎన్నో అపార్ట్‌మెంటు పనుల్లో ఈ బాధ్యత వాచ్‌మన్ కుటుంబం మీద పడుతుంది. స్లాబు మీద ఇసుక గట్లు కట్టి నీళ్లు నిలుపుతారు గాని, పిల్లర్లకు చుట్టిన గోనెపట్టాలు మధ్యాహ్నానికే ఎండి బిర్రబిగుసుకుపోతాయి. బిల్లులో క్యూరింగుకు విడిగా అంశం ఉండదు, డబ్బు లేని పనికి యజమాని ఉండడు. దీన్ని సరిదిద్దడం కష్టమేమీ కాదు. క్యూరింగును చెల్లింపు ఉన్న పనిగా పెట్టి, ఒక మనిషికి అప్పగించి, పిల్లరు మీద కాంక్రీటు పోసిన తేదీ, క్యూరింగ్ ముగిసే తేదీ రంగుతో రాస్తే, దాటిపోయేవారికి కూడా లెక్క కనబడుతుంది.

అపార్ట్‌మెంట్లలో నివాసులను ఎక్కువగా బాధపెట్టే స్నానాల గది లీకేజీ కూడా ఇలాంటి అతుకు లోపమే. వాటర్‌ప్రూఫింగ్ చేసినవాళ్లు పొర బాగానే వేస్తారు. ఆ తరవాత ప్లంబరు వచ్చి పైపు వాలు సరిపోలేదని సుత్తీ ఉలీ తీసుకుంటాడు. చిల్లు పడ్డ చోట సిమెంటు పూసి, టైల్స్ మేస్త్రీకి అప్పగిస్తాడు. ఆరు నెలలకు కింది ఇంటి సీలింగు మీద మరక తేలుతుంది. స్లాబు పోసేటప్పుడే పైపు దారులు వదలడం, వాటర్‌ప్రూఫింగ్ తరవాత నీళ్లు నింపి కనీసం ఒక రోజు ఉంచి కింద నుంచి చూడటం, ఆ పరీక్ష అయ్యాక ఆ గదిలో ఉలి పట్టకుండా తలుపుకు చీటీ అంటించడం, ఇవన్నీ పాటిస్తే లీకేజీలు చాలావరకు ఆగిపోతాయి.

పని చేసే చేతులు

నిర్మాణ కార్మికులు ఎక్కువమంది సంస్థ ఉద్యోగులు కారు. గుత్తేదారు కింద సబ్ కాంట్రాక్టరు, అతని కింద గుంపు మేస్త్రీ, ఆయన వెంట వచ్చిన మనుషులు. దేశంలోని ఎన్నో ఆనకట్టల మట్టిపనిలో పాలమూరు కూలీల చెమట ఉంది. వాళ్లు వెళ్లింది కూడా ఇదే మేస్త్రీల పద్ధతిలోనే. ఇవాళ హైదరాబాద్ టవర్లలో ఒడిశా, బిహార్, జార్ఖండ్ మనుషులు అదే పద్ధతిలో పనిచేస్తున్నారు. చదరపుటడుగుకు ఇంతని కూలీ ఒప్పుకున్న ముఠాకు వేగమే కూడు పెడుతుంది. నాణ్యత గురించి ఎన్ని పోస్టర్లు అంటించినా ఆ లెక్క మారదు. కూలీ రేటులో కొంత భాగాన్ని మొదటి తనిఖీలోనే పాసైన పనికి ముడిపెట్టడం, మళ్లీ చేయించవలసి వస్తే దాని కారణం ముఠాదా, సామానుదా, నక్షాదా అని నిజాయితీగా తేల్చి, వాళ్లది కానప్పుడు అదనపు కూలీ చెల్లించడం జరగాలి. అప్పుడే మేస్త్రీ లోపాన్ని దాచకుండా చూపిస్తాడు.

భాష కూడా ఒక అడ్డే. నక్షా ఇంగ్లీషులో, ఇంజనీరు మాట తెలుగులో, పని చేసేవాళ్లది మరో భాష. దీనికి నమూనా గదిని మించిన విరుగుడు లేదు. ఒక ఫ్లాటును ముందుగా పూర్తిచేసి, కడ్డీల ముడి నుంచి టైల్స్ సందు దాకా ఇదీ కొలత అని చేత్తో తాకి చూపిస్తే అనువాదం అవసరం ఉండదు. రోజూ పని మొదలయ్యే ముందు పది నిమిషాలు నిలబడి నిన్న ఎక్కడ తేడా వచ్చిందో చెప్పుకోవడం, చోటు మారిపోయే ముఠాలకు క్వాలిటీ సర్కిల్ లాంటిది. గల్ఫ్ దేశాల పెద్ద నిర్మాణాల్లో పనిచేసి వచ్చిన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల మనుషులకు ఈ అలవాటు ముందే ఉంటుంది. వాళ్ల అనుభవాన్ని ఇక్కడి సంస్థలు తగినంతగా వాడుకోకపోవడం విచారకరం. హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ తాపీ పని, కడ్డీల పని వంటి వృత్తుల్లో శిక్షణ ఇస్తోంది. ఆ సర్టిఫికెట్ ఉన్నవాడికీ లేనివాడికీ సైటులో కూలీ ఒకటే అయినంతకాలం శిక్షణకు గిరాకీ రాదు.

ఇక పై స్థాయి. 2009 జూలై 12న ఢిల్లీలోని జమ్రూద్‌పూర్ దగ్గర, నిర్మాణంలో ఉన్న మెట్రో వంతెన పిల్లరు తల విరిగి కూలి ఆరుగురు చనిపోయారు. మెట్రో సంస్థ అధిపతి ఇ. శ్రీధరన్ అదే రోజు నైతిక బాధ్యత తనదేనని రాజీనామా ఇచ్చారు. దాన్ని ఆమోదించక ఆయన్ను కొనసాగమన్నారు. బాధ్యత కింది ఇంజనీరు మీదికి జారకుండా పైనే ఆగితే, దర్యాప్తులో కిందివాళ్లు నిజం చెప్పగలుగుతారు. సంస్థ పెద్దల నిబద్ధత అని పుస్తకాలు చెప్పేది సైటులో ఈ రూపంలోనే తెలుస్తుంది. పగులును మొదట చూసి చెప్పినవాడికి ఏం జరిగిందో సైటంతా గుర్తు పెట్టుకుంటుంది.

ఖర్చు, కొలత, క్రమం

ఆర్మండ్ ఫైగెన్‌బామ్ నాణ్యత ఖర్చును నివారణ, తనిఖీ, అప్పగించే ముందు బయటపడ్డ లోపాలు, అప్పగించాక బయటపడ్డ లోపాలు అని విడదీశారు. నిర్మాణ సంస్థల పద్దుల్లో మొదటి రెండూ జీతాల రూపంలో కనిపిస్తాయి. చివరి రెండూ ఎక్కడా కనిపించవు. పగలగొట్టి కట్టిన గోడ కూలీలో కలిసిపోతుంది, వృథా అయిన కడ్డీ స్క్రాపులో కలిసిపోతుంది. అందుకే నాణ్యత విభాగం ఖర్చుగా, లోపం మామూలుగా అనిపిస్తాయి. కవర్ బ్లాకును తీసుకోండి. తీరప్రాంతపు తీవ్ర వాతావరణంలో కడ్డీకి 45 మి.మీ. కవరు ఉండాలి. అది 10 మి.మీ. దాకా పెరిగినా ఫరవాలేదు గాని తగ్గకూడదు. బ్లాకు వెల కొద్ది రూపాయలే. అది లేక కడ్డీ సెంట్రింగు పలకకు ఆనుకుంటే, కొన్నేళ్లకు ఉప్పుగాలికి తుప్పు పట్టి, ఉబ్బి, కాంక్రీటును పెచ్చులుగా రాలగొడుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వీధుల్లో తల ఎత్తి బాల్కనీల అడుగు చూస్తే ఈ లెక్క కళ్లకు కడుతుంది. మళ్లీ చేసిన ప్రతి పనికీ విడిగా ఒక ఖాతా తెరిచి నెలనెలా యాజమాన్యం ముందు పెట్టిన రోజున, నివారణకు డబ్బు అడగవలసిన అవసరం తగ్గిపోతుంది.

అమలును అన్ని సైటుల్లో ఒకేసారి ప్రకటించే సంస్థలు సాధారణంగా పోస్టర్ల దశలోనే ఆగిపోతాయి. ఒక సైటు, అందులో మూడు నాలుగు పనులు చాలు. ఏ లోపాలు ఎక్కువగా వస్తున్నాయో మూడు నెలలు నిజాయితీగా లెక్క రాయాలి. కొద్ది రకాల లోపాలే ఎక్కువ నష్టానికి కారణమని జురాన్ గట్టిగా చెప్పింది సైటు లెక్కల్లోనూ కనబడుతుంది. ఆ కొద్దింటికి మూలకారణం వెతికి, పద్ధతి మార్చి, ఫలితం చూసి, నిలిస్తే దాన్ని సంస్థ నియమంగా రాసుకుని తరవాతి సైటుకు తీసుకుపోవాలి. పని క్రమాన్ని కొలవడానికి అమెరికాలో గ్లెన్ బల్లార్డ్ రూపొందించిన లాస్ట్ ప్లానర్ పద్ధతి ఉపయోగపడుతుంది. ఈ వారం చేస్తామని మేస్త్రీలు, ఇంజనీర్లు మాట ఇచ్చిన పనుల్లో ఎన్ని అనుకున్న రోజుకు పూర్తయ్యాయో శాతం వేస్తారు, కానివాటికి కారణం రాస్తారు. నాణ్యతకూ గడువుకూ పోటీ అనుకునేవాళ్లకు ఈ పట్టిక కొన్ని వారాల్లోనే వేరే సంగతి చెబుతుంది. గడువు తప్పించిన కారణాలూ నాణ్యత చెడగొట్టిన కారణాలూ చాలావరకు ఒకటే.

సామాను సరఫరాదారులతోనూ ఈ పద్ధతి నడవాలి. రోబో శాండులో దుమ్ము శాతం లోడుకో తీరుగా మారుతుంటే లోడును తిప్పి పంపడం ఒక దారి. క్రషరు దగ్గరికి వెళ్లి జల్లెడ ఎప్పుడు మారుస్తున్నారో చూసి, ఏడాది ఒప్పందం ఇచ్చి, అక్కడే పరీక్ష చేయించడం ఇంకా మేలైన దారి.

చివరి అతుకు కట్టినవారికీ నివసించేవారికీ మధ్య. 2016 రెరా చట్టం ఇల్లు స్వాధీనం చేసిన రోజు నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపమో పనితనపు లోపమో బయటపడితే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని బిల్డరును ఆదేశిస్తోంది. చట్టం వల్ల ఫిర్యాదులు ఇప్పుడు లెక్కకు వస్తున్నాయి. కాని అవి కస్టమర్ కేర్ విభాగం దగ్గరే ఆగిపోతున్నాయి. కట్టిన బృందం అప్పటికే మరో సైటులో ఉంటుంది, వాళ్లకు తమ పని ఎలా నిలిచిందో తెలిసే దారి లేదు. ప్రతి ఫిర్యాదునూ ఏ పనికి, ఏ అతుకుకు చెందిందో విడదీసి పట్టిక వేయాలి. అది కొత్త ప్రాజెక్టు నక్షాలు ఖరారయ్యే ముందే డిజైన్ ఆఫీసుకు చేరాలి. ఏ ఫ్లాటులో ఏ మూల చెమ్మ తేలిందో, ఆ మూలలో పైపు ఎలా పోయిందో నక్షా గీసేవాళ్లకు తెలిస్తే, వచ్చే భవనంలో ఆ పైపు దారి కాగితం మీదే మారుతుంది.